ఇసుక గాదెలు

2025 సెప్టెంబరు 16న సాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సూపర్‌వైజరు గారి పదవి ఊడింది. లంచం తిన్నాడని కాదు, మరే నేరమో చేశాడని కాదు. సముద్రపు ఒడ్డున రెండు మైళ్ళ రోడ్డును కార్లకు మూసివేసి పార్కు చెయ్యాలన్న పక్షాన నిలబడ్డాడని ఆయన పేట ఓటర్లకు కోపం వచ్చింది. అంతకు ముందు సంవత్సరం, అంటే 2024 నవంబరులో, ఊరు మొత్తం మీద నూటికి సుమారు 55 మంది పార్కు కావాలని ఓటు వేశారు. కాని రోజూ ఆ రోడ్డు మీద తిరిగే పడమటి పేటల వాళ్ళు వద్దన్నారు. పార్కు నిలిచింది, ఆయన నిలవలేదు.

ఆ రోడ్డు మనకి కొత్తది కాదు. ఇండియా నుంచి అమ్మా నాన్నా వస్తే, గోల్డెన్ గేట్ వంతెన చూపించాక మన ఫ్రీమాంట్ వాళ్ళం తప్పకుండా తీసికెళ్ళే చోటు ఓషన్ బీచి. ఆ బీచి పక్కన పొడుగ్గా సాగే గ్రేట్ హైవేయే ఇది. లింకన్ వే నుంచి స్లోట్ బులవార్డు దాకా ఉన్న ముక్కని 2025 ఏప్రిల్ 12న 'సన్‌సెట్ డ్యూన్స్' అనే పేరుతో పార్కుగా తెరిచారు. డ్యూన్స్ అంటే ఇసుక దిబ్బలు. పార్కుకి పువ్వు పేరో, పెద్దమనిషి పేరో పెట్టకుండా దిబ్బల పేరు ఎందుకు పెట్టారా అని చూడబోతే, కథ నూట యాభై ఏళ్ళ వెనక్కి పోయింది. అక్కణ్ణించి మన దివిసీమ దాకా కూడా వచ్చింది.

ఇవాళ సన్‌సెట్ పేట అని పిలుస్తున్న చోటంతా 19వ శతాబ్దంలో వట్టి ఇసుక. ఊరికి అవతల ఉన్న భూములని దానికి పేరు. పసిఫిక్ నుంచి వీచే పడమటి గాలి బీచి ఇసుకని లేపి, మైళ్ళ దూరం లోపలికి మోసి దిబ్బలు దిబ్బలుగా పోసింది. ఇక్కడ పెద్ద పార్కు వెయ్యాలన్న ఆలోచన వచ్చినప్పుడు, న్యూయార్కు సెంట్రల్ పార్కుని తీర్చిదిద్దిన ఆమ్‌స్టెడ్ గారే ఈ గాలిలో, ఈ ఇసుకలో చెట్లు పెరగడం కష్టమని పెదవి విరిచారు. 1870లో విలియం హామండ్ హాల్ అనే యువ ఇంజనీరు సర్వే మొదలుపెట్టాడు. గుర్రాల దాణా సంచిలోంచి ఒలికిన బార్లీ గింజలు ఇసుకలోనే మొలకెత్తడం చూసి ఆయనకి ఉపాయం తట్టిందని చెబుతారు. నిజమో కాదో గాని, చేసిన పని మటుకు ఇదే: త్వరగా మొలిచే బార్లీ, దాని నీడలో నెమ్మదిగా ఎదిగే లూపిన్ మొక్క కలిపి చల్లించాడు. బార్లీ ఎండిపోయే వేళకి లూపిన్ వేళ్ళు ఇసుకని పట్టేశాయి. ఆ తర్వాత యూరపు నుంచి వచ్చిన ఒక రకం బీచి గడ్డి నాటించారు. అలా నిలబడ్డదే వెయ్యి ఎకరాలు దాటిన గోల్డెన్ గేట్ పార్కు.

అది మనిషి చేసిన గొప్ప పనే, కాదనను. కాని దానితో ఊరికి ఒక ధీమా పుట్టింది. ఇసుకని ఒకసారి కట్టేస్తే పడి ఉంటుందన్న ధీమా. 1920లలో బీచి ఉత్తరపు కొసన పెద్ద కాంక్రీటు గోడ కట్టారు. ఆ గోడకి సిటీ ఇంజనీరు ఓషానెసీ గారి పేరు పెట్టారు. (హెచ్ హెచ్చీ దగ్గర ఆనకట్ట కట్టించిందీ ఆయనే. మన ఫ్రీమాంట్ కుళాయిల్లో కొంత నీరు ఆ హెచ్ హెచ్చీ నుంచే వస్తుంది కాబట్టి ఆయన్ని పూర్తిగా తిట్టడానికి మనకి నోరు రాదు.) 1929లో గ్రేట్ హైవే తెరిచారు. తర్వాత దిబ్బల మీదే వరస ఇళ్ళు లేచాయి. ఇసుక మాత్రం తన పని మానలేదు. ఏటా ఎన్నోసార్లు రోడ్డు మీదికి వచ్చి పడడం, పోలీసులు రోడ్డు మూయడం, బుల్‌డోజర్లు వచ్చి ఎత్తిపోయడం, ఇదీ తంతు. కార్లకు మూసేశారని బాధపడేవాళ్ళు, గాలి అంతకు ముందే ఎన్ని రోజులు మూసేదో మరిచిపోతారు.

ఇంతకీ దిబ్బ చేసే పనేమిటి? మన పల్లెటూళ్ళలో గాదె ఉండేది గదా. పంట వచ్చినప్పుడు నింపుతారు, కరువు రోజుల్లో తీసి తింటారు. ఇసుక దిబ్బ సముద్రపు ఒడ్డుకి అలాంటి గాదె.

వేసవిలో కెరటాలు మెత్తగా, బారుగా వస్తాయి. ప్రతి కెరటం నీటి అడుగున ఉన్న ఇసుకని కొంచెం కొంచెం ఒడ్డుకి తోసిపోతుంది. బీచి వెడల్పు అవుతుంది. ఎండిన ఇసుకని గాలి లేపుతుంది. రేణువులు ఎగిరెగిరి దూకుతూ పోతాయి. దారిలో ఒక గడ్డి దుబ్బో, తీగో అడ్డు వస్తే అక్కడ గాలి వేగం తగ్గి ఇసుక జారిపడుతుంది. గడ్డి కప్పడిపోతుందేమో అనుకుంటాం. కాని దిబ్బ మొక్కల గొప్పతనం అదే: ఇసుక మీద పడ్డకొద్దీ అవి పైకి పెరుగుతాయి, కప్పడిన కణుపుల దగ్గర కొత్త వేళ్ళు వేస్తాయి. అలా గడ్డీ ఇసుకా ఒకదాన్నొకటి ఎత్తుకుంటూ దిబ్బ లేస్తుంది. గాదె నిండిందన్న మాట.

శీతకాలంలో తుఫాను వచ్చినప్పుడు కెరటాలు నిటారుగా, ఒకదాని వెంట ఒకటిగా విరుచుకుపడతాయి. బీచిని తినేసి దిబ్బ పాదాన్ని కొరుకుతాయి. మర్నాడు వెళ్ళి చూస్తే దిబ్బని కత్తితో కోసినట్లు నిలువు గోడలా కనబడుతుంది. అయ్యో అనిపిస్తుంది. కాని ఆ పడ్డ ఇసుక ఎక్కడికీ పోలేదు. కొంత దూరంలో నీటి అడుగున మెరకగా చేరింది. తర్వాత వచ్చే పెద్ద కెరటాలు ఆ మెరక మీదే విరిగి, ఒడ్డుకి వచ్చేసరికి నీరసపడతాయి. మళ్ళీ వేసవికి అదే ఇసుక మెల్లగా వెనక్కి వస్తుంది. అంటే, తుఫానుకి దిబ్బ కోసుకుపోవడం దిబ్బ ఓడిపోవడం కాదు, అది చెయ్యవలసిన పనే అది.

చెడేది ఎక్కడంటే, వెనక్కి వచ్చే దారి మూసినప్పుడు, లేక వెనక్కి రావడానికి ఇసుకే లేనప్పుడు. గోడ కడితే కెరటం గోడకి కొట్టుకుని తిరగబడి, గోడ ముందున్న ఇసుకనే తవ్వుకుపోతుంది. గోడ వెనకాల ఉన్న రోడ్డు మిగులుతుంది, ముందున్న బీచి పోతుంది. గోడ ఆగిపోయిన చోట కోత ఇంకా జాస్తి. ఓషన్ బీచి దక్షిణపు కొస, అంటే స్లోట్ దాటిన తర్వాత చూడండి. 2010 శీతకాలంలో అక్కడ రోడ్డు అంచు విరిగి పడింది. దాని వెనకాలే ఊరి మురుగునీటి కర్మాగారం, భూమిలో పెద్ద సొరంగం ఉన్నాయి. వాటిని వదులుకోవడానికి వీల్లేదు. అందుకని ఉత్తరపు కొసన పేరుకున్న ఇసుకని లారీల్లో నింపి దక్షిణపు కొసకి తీసికెళ్ళి పోస్తున్నారు. 2021లో సైన్యపు ఇంజనీర్లు ఓడల కాలవలో పూడిక తీసిన ఇసుకని గొట్టాలతో ఈ ఒడ్డుకే పంపి దిబ్బలా పోశారు. గాలీ కెరటమూ ఊరికే చేసిపెట్టే పనికి ఇప్పుడు లారీ కిరాయి, గొట్టం కిరాయి ఇచ్చుకుంటున్నారన్న మాట.

ఇక్కడ పార్కు వాదులకి కూడా ఒక మాట చెప్పాలి. రోడ్డు మీద కార్లు ఆపినంత మాత్రాన దిబ్బ బాగుపడదు. పదిమంది రోజూ ఒకే చోట దిబ్బ ఎక్కి దిగితే మొక్కలు చచ్చి బాట పడుతుంది. ఆ బాటలో గాలి దూరి కాలవలా తవ్వుతుంది. రెండు మూడేళ్ళలో దిబ్బకి గండి పడుతుంది. పెద్ద పోటు వచ్చిన రోజు నీరు దూరేది అక్కడే. అందుకే తాళ్ళు, పుల్లల కంచెలు, చెక్క మెట్లు. మొక్కల సంగతీ తేలిక కాదు. హాల్ గారి తరం నాటిన యూరపు గడ్డి ఇసుకని ఎంత గట్టిగా పడుతుందంటే, దిబ్బ నిటారుగా లేచి కదలిక చచ్చిపోతుంది, స్థానికపు మొక్కలకి చోటుండదు. మనకి ఉత్తరాన పాయింట్ రేస్ దగ్గర ఆ గడ్డిని ఇప్పుడు పనిగట్టుకుని పీకేస్తున్నారు. ఇసుకలో గుడ్లు పెట్టే స్నోయీ ప్లవర్ అనే చిన్న పిట్ట 1993 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. దానికి బోసిగా, చదునుగా ఉన్న ఇసుక కావాలి.

దిబ్బ వల్ల లాభం ఎంత అని డాలర్లలో అడిగేవాళ్ళకి న్యూజెర్సీ కథ చెప్పాలి. అక్కడ హార్వీ సీడర్స్ అనే ఊళ్ళో ప్రభుత్వం ఒడ్డు పొడుగునా 22 అడుగుల ఎత్తు దిబ్బ పోయించింది. సముద్రానికి ఎదురుగా ఇల్లున్న ఒక దంపతులు, మా కిటికీలోంచి సముద్రం కనబడడం లేదని దావా వేశారు. జ్యూరీ 3,75,000 డాలర్లు ఇప్పించింది. ఇంతలో 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను వచ్చింది. దిబ్బలు లేని ఆర్ట్‌లీ బీచిలో వీధులకి వీధులు తుడిచిపెట్టుకుపోయాయి. దానికి దక్షిణాన కొద్ది మైళ్ళ దూరంలో మిడ్‌వే బీచి అనే చిన్న పేట ఉంది. అక్కడి వాళ్ళు ఏళ్ళ తరబడి పుల్లల కంచెలు పాతి, గడ్డి నాటి దిబ్బ పెంచుకున్నారు. ఆ దిబ్బ వెనక ఇళ్ళు నిలిచాయి. 2013 జులైలో న్యూజెర్సీ సుప్రీం కోర్టు, కిటికీ దృశ్యం పోయిన నష్టంతో పాటు ఇల్లు నిలబడే లాభాన్ని కూడా లెక్కలో వెయ్యాలని చెప్పి జ్యూరీ తీర్పు కొట్టేసింది. చివరికి ఆ దావా ఒక్క డాలరుకి రాజీ అయింది. ఎడిసన్‌లో ఉన్న మన మిత్రులకి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఇక ఇసుక అసలు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న. ఎక్కువ భాగం నదులు కొండల నుంచి మోసుకొచ్చేదే. మన క్వారీ లేక్స్ పార్కులో పిల్లలు ఈతలాడే చెరువులు ఒకప్పుడు అలమీడా వాగు తెచ్చి పోసిన కంకర, ఇసుక తవ్విన గోతులే. ఇటువంటి గోతులు, ఆనకట్టలు రాష్ట్రమంతటా ఉన్నాయి. వాగు మోసిన ఇసుక వాటిలో ఆగిపోతే సముద్రం ఒడ్డుకి చేరేది ఏముంటుంది? మాంటరే అఖాతం దగ్గర మెరీనాలో ఒక కంపెనీ తిన్నగా బీచి నుంచే ఇసుక తోడేది. ఏడాదికి రెండు లక్షల ఘనగజాలకి పైగా. ఆ చుట్టుపక్కల ఒడ్డు కాలిఫోర్నియాలోకెల్లా ఎక్కువ కోతకి గురైంది. 2017లో కోస్టల్ కమిషన్‌తో జరిగిన ఒప్పందం ప్రకారం 2020 ఆఖరుకి ఆ తవ్వకం ఆగింది.

నదుల మాట వచ్చింది కాబట్టి మన నదుల సంగతి చూద్దాం. గోదావరి 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల మట్టీ ఇసుకా సముద్రం వైపు మోసేది. 1990లలో అది 6 కోట్ల టన్నులకి లోపే అయిపోయిందని ఆంధ్రా యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. ఆనకట్టలు పొలాలకి నీళ్ళిచ్చాయి. మన చదువులకీ, ఈ దేశానికి విమానం టిక్కెట్లకీ డబ్బు ఆ పొలాల నుంచే వచ్చిన వాళ్ళం ఎంతోమందిమి ఉన్నాం. అయినా లెక్క లెక్కే. కొండ నుంచి వచ్చేది తగ్గింది, సముద్రం తీసికెళ్ళేది తగ్గలేదు. కాకినాడ పక్కన ఉప్పాడలో ఇళ్ళు, వీధులు ఒక్కొక్కటే సముద్రంలో కలిసిపోతున్నాయి. అక్కడ రాళ్ళు పోశారు, 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద పెద్ద గుడ్డ గొట్టాలు వరసగా పేర్చి గోడ కట్టారు. తుఫానులు దాన్నీ చీల్చాయి. మన ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకి మోజుపడి తెప్పించుకునే జామ్‌దానీ చీరలు నేసే ఊరు అదే.

విశాఖపట్నంలో కథ ఓషన్ బీచి కథకి కవల. మన ఒడ్డున నైరుతి ఋతుపవనాల రోజుల్లో కెరటాలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. 1970లలో కట్టిన ఔటర్ హార్బరు గోడలు ఆ నడకకి అడ్డం. హార్బరుకి దక్షిణాన ఆగిన ఇసుకని తవ్వి, ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచిలో పోస్తూ ఉంటారు. పొయ్యకపోతే బీచి రోడ్డుకే మోసం.

దివిసీమ మాట ఎత్తకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. 1977 నవంబరు 19 రాత్రిని అనుభవించిన వాళ్ళు, విన్న వాళ్ళు మనలో ఉన్నారు. సుమారు 5 మీటర్ల ఎత్తు ఉప్పెన. పోయిన వాళ్ళు గవర్నమెంటు లెక్కల్లోనే దాదాపు పదివేలు. సొర్లగొంది లాంటి ఊళ్ళలో ఎవరు మిగిలారని కాదు, ఎవరైనా మిగిలారా అని అడగవలసి వచ్చింది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారిది ఈ సీమే. ఉప్పెన తర్వాత ఈ ఊళ్ళని మళ్ళీ నిలబెట్టడానికి ఆయన పడిన పాటు అక్కడి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంత ఎత్తు నీటిని మామూలు ఇసుక దిబ్బ ఆపలేదు. అది ముందుగానే ఒప్పుకోవాలి. ఆపగలదని చెప్పి జనాన్ని అక్కడే ఉండమనడం పాపం. దానికి తుఫాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరిక, వేళకి ఊరు ఖాళీ చెయ్యడం, ఇవే మందు. కాని అలాంటి ఉప్పెన తరానికి ఒకసారి. ఏటా వచ్చే గాలివానలకీ, పోటు మీద పోటుగా వచ్చే కెరటాలకీ ఊరికి ముందు నిలబడేది దిబ్బే. ఉప్పునీరు మంచినీళ్ళ బావిలోకి రాకుండా చూసేదీ అదే. వాన నీరు దిబ్బలో ఇంకి, తేలికగా ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. దిబ్బ మీద చిన్న చెలమ తీస్తే తియ్యటి నీరు రావడం తీరం వాళ్ళెవరినడిగినా చెబుతారు.

ఉప్పెన తర్వాత తీరం పొడుగునా సరుగుడు తోటలు వేశారు. గాలిని విరచడంలో సరుగుడుకి సాటి లేదు, వంటచెరకూ వస్తుంది. అయితే వెయ్యవలసింది దిబ్బ వెనక. చాలాచోట్ల దిబ్బనే చదును చేసి, కెరటం అంచుదాకా సరుగుడు నాటారు. దాని కింద రాలిన సన్నపాకు దుప్పటిలా పరుచుకుని మరో మొక్కని రానివ్వదు. తాబేళ్ళకి గుడ్లు పెట్టే చోటు పోతుంది. అసలు దిబ్బని కట్టేవి మేకగిట్టలాంటి ఆకులూ ఊదాపూలూ ఉన్న ఆ పాకుడు తీగ, గాలికి బంతిలా దొర్లిపోయే ముళ్ళ కంకుల గడ్డి (రావణాసురుడి మీసాలు అంటారే, అది), వెనకాల మొగలి పొదలు, ఇంకా వెనక తాడిచెట్లు. ఇవి ఎవరూ నాటకపోయినా వస్తాయి. తొక్కకుండా, తవ్వకుండా ఉంటే చాలు.

తవ్వకుండా ఉండడమే కష్టంగా ఉంది. రొయ్యల చెరువుల కోసం దిబ్బలు చదునయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీం కోర్టు తీరం అంచున చెరువులు కూడదంది. తర్వాత 2005లో వేరే చట్టం వచ్చింది. ఇళ్ళకీ రోడ్లకీ ఇసుక ట్రాక్టర్లు ఉండనే ఉన్నాయి. రుషికొండ దాటి భీమిలి వెళ్ళే దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళ క్రితం గాలీ సముద్రమూ కలిసి పోసినవి. వాటిని 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు, 2025లో యునెస్కో పరిశీలన జాబితాలోకి కూడా వెళ్ళాయి. వాటి చుట్టూ ప్లాట్లు.

ఇక్కడే ఈ వ్యాసం మన ఇళ్ళలోకి వస్తుంది. విశాఖ నుంచి భోగాపురం దాకా "సముద్రం కనబడే ప్లాటు" అని ఫ్రీమాంట్‌లో కూర్చున్న మనకే అమ్ముతున్నారు. కొనేవాళ్ళు కొన్ని సంగతులు తెలిసి కొనండి. 1991 తీర నియంత్రణ నోటిఫికేషను నాటి నుంచే ఇసుక దిబ్బలని చదును చెయ్యడం, మార్చడం నిషేధం. 2011, 2019 నోటిఫికేషన్లు దిబ్బలని మొదటి తరగతి రక్షిత ప్రాంతంలో చేర్చాయి. పల్లె ప్రాంతాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కట్టడాలు కూడవు. జనసాంద్రత బాగా ఎక్కువ ఉన్న పల్లెలకి 2019లో దీన్ని 50 మీటర్లకి తగ్గించారు. (తగ్గించడం మంచి పని కాదని నా అభిప్రాయం. సముద్రం జనాభా లెక్కలు చూసి రాదు.) కాబట్టి బావగారు చెప్పారని, బ్రోచరులో కొబ్బరిచెట్టు బాగుందని అడ్వాన్సు పంపకండి. ఆ సర్వే నంబరు తీర నియంత్రణ పటంలో ఎక్కడ పడుతుందో అడగండి. పటం చూపించలేని వాడి దగ్గర కొనకండి. చదును చేసిన దిబ్బ మీద ఇల్లు కడితే, మొదటి తుఫానుకి పోయేది మన డబ్బు. దాని వెనక ఉన్న జాలరి పేటలో పోయేది అంతకన్నా పెద్దది.

మన ఫ్రీమాంట్ ఒడ్డున దిబ్బలు లేవు. అఖాతం లోపల ఉన్నాం కాబట్టి ఇక్కడ ఆ ఉద్యోగం చేసేది బురద నేలల గడ్డి. 2003లో కార్గిల్ కంపెనీ నుంచి కొన్న 15,000 ఎకరాల ఉప్పు మడులని మళ్ళీ గడ్డి నేలలుగా మారుస్తున్నది అందుకే. దాని గురించి వేరే సంచికలో రాయవలసినంత ఉంది.

డిసెంబరు, జనవరి నెలల్లో 'కింగ్ టైడ్స్' అనే పెద్ద పోటు రోజులు వస్తాయి. తేదీలు కోస్టల్ కమిషన్ వాళ్ళు ముందుగా ప్రకటిస్తారు, ఆ రోజుల్లో ఎవరైనా నీటి మట్టం ఫోటోలు తీసి వాళ్ళకి పంపవచ్చు. వెళ్ళేవాళ్ళు ఫ్రీమాంట్‌లో గ్రీన్ లైన్ బార్ట్ ఎక్కి ఎంబార్కడేరో దగ్గర దిగి, ఎన్ జుడా ట్రాము పట్టుకుంటే ఆఖరి స్టాపు ఓషన్ బీచే. పార్కింగు బాధ లేదు. పోటు వేళ నీటికి దగ్గరగా వెళ్ళకండి, ఆ బీచిలో కెరటం వెనక నుంచి వచ్చి లాగేస్తుంది. తాడు కట్టిన చోట పిల్లల్ని దిబ్బ ఎక్కనివ్వకండి, చెక్క మెట్లు ఉన్న చోటే ఎక్కించండి. స్వెట్టర్లు మరిచిపోవద్దు. పులిహోర పొట్లాలు విప్పేటప్పుడు గాలికి వీపు పెట్టి కూర్చోండి, లేకపోతే సగం ఇసుకే తినవలసి వస్తుంది.